గూడ్సా, ప్యాసింజరా?

సూర్యాపేట బస్టాండులో ఉండగా ఫోనొచ్చింది. మిర్యాలగూడలో మా కెమిస్ట్రీ మేడమ్ పోయారు. ఇంటర్లో నాకు పాఠం చెప్పారు. నేను విలేకరినయ్యాక, వార్తలు ఫ్యాక్స్ చేయడానికి వెళ్ళే కంప్యూటర్ సెంటర్లో మళ్ళీ కనిపించారు. నేను చూసినంత వరకే రాస్తున్నాను.

ఆమె పుట్టిల్లు కోదాడ. మిర్యాలగూడలో ఇల్లు రైలు పట్టాలకు ఇటు, కాలేజీ అటు. ఇంట్లో పక్షవాతంతో మంచంపట్టిన భర్త. పొద్దున రైల్వే గేటు పడితే క్లాసు ఆలస్యం, సాయంత్రం పడితే ఆయన మందు ఆలస్యం. పీహెచ్‌డీలో చేరారు గానీ, హైదరాబాదు వెళ్ళి ఒక పూట లైబ్రరీలో కూర్చునే వీల్లేదు. వరి ఊక కాల్చిన బూడిదతో నీళ్ళలోని ఫ్లోరైడ్ తీయవచ్చా అన్నది ఆమె పరిశోధన. మా జిల్లాలో ఫ్లోరైడ్ అంటే ఏమిటో ఎవరికీ చెప్పనక్కర్లేదు. రైస్‌మిల్లుల ఊరిలో ఊకకు కొదవ లేదు.

తొంభైల చివర్లో థీసిస్ ముగింపుకొచ్చింది. అప్పుడే ఆమె గైడ్ కబురు పంపారు. ఇదే పని మీద విదేశంలో ఒక పేపర్ వచ్చిందట. అచ్చు పత్రికలో కాదు, కంప్యూటర్లో మాత్రమే వచ్చే ఎలక్ట్రానిక్ జర్నల్లో. ఆయనా చూడలేదు. అది చదివి, మీ పని వేరని చూపిస్తేనే సంతకం పెడతానన్నారు.

సెంటర్లో అప్పట్లో ఉన్నది ఈమెయిల్ ఒక్కటే. ఎస్టీడీ లైను హైదరాబాదుకు కలవాలి. అక్కడి నుంచి మెయిల్ విదేశంలో గేట్‌వే అనే ఒక కంప్యూటర్‌కు చేరాలి. ఏ పేపర్ కావాలో రాస్తే, గేట్‌వే దాన్ని జర్నల్లోంచి తీసి, ముక్కలు చేసి, మెయిళ్ళలో తిరిగి పంపేది. మధ్యలో లైను తెగితే మళ్ళీ మొదటికి.

లైను కలవనప్పుడు, సెంటర్ నడిపే సేటు మోడెం కూత వింటూనే చెప్పేవాడు.

"మేడమ్, గేటు పడ్డది."

"గూడ్సా, ప్యాసింజరా?"

ప్యాసింజరంటే కాసేపాగితే కలుస్తుందని. గూడ్సంటే ఇవాళ్టికి ఇంటికి పొమ్మని. ఇద్దరూ నవ్వకుండానే మాట్లాడుకునేవారు.

మొదటి ముక్కలు వచ్చినరోజు నేనక్కడే ఉన్నాను. "దొరికిందన్నమాట మేడమ్" అన్నాను.

"సగం వచ్చినదాన్ని దొరికిందనకయ్యా. ఫలితాల పట్టిక రానీ."

నా ఉద్యోగంలో ఈ మాట నాకు చాలాసార్లు పనికొచ్చింది.

పట్టిక చివరి ముక్కలో వచ్చింది. ఆమె బ్యాగులోంచి తన కాగితాలు తీసి పక్కన పెట్టుకున్నారు. అదే బూడిద, అదే పద్ధతి, దాదాపు అవే అంకెలు. ఆమె ఏళ్ళ తరబడి చేసిన పని ఎవరో ముందే చేసేశారు.

సేటుకు విషయం అర్థమైంది. "ఎవ్వలు సూసిన్రు మేడమ్? గేటు పడ్డది, పేపర్ రాలేదని మీ సారుకు చెప్పున్రి, ఖతం. ఆయన గూడ సూడలే గద."

"నేను చూశాను కదయ్యా."

"పరేషాన్ల ఉన్నరు. జర రేపు ఆలోచించున్రి."

"రేపైనా చూసినట్టే ఉంటది."

ముక్కలన్నీ ప్రింటు తీయించి, వరసగా కుట్టి, గైడుకు రిజిస్టర్డ్ పోస్టులో పంపారు. థీసిస్ ఆగిపోయింది. కొత్త అంశం ఎత్తుకోవడానికి కాలేజీ సెలవివ్వలేదు. ఇంట్లో పరిస్థితీ మారలేదు. పేరు ముందు డాక్టర్ లేకుండా అక్కడే రిటైరయ్యారు. ఊక బూడిద ప్రయోగం మాత్రం ఏటా పిల్లలతో చేయించేవారు. "ఇది మనం కనిపెట్టింది కాదు. కానీ పనిచేస్తుంది" అని ముందే చెప్పేవారు.

ఆమె బాధపడలేదని నేను రాయను. ఒకసారి అడిగితే, "గేటు తెరవాలనే కదయ్యా కూర్చున్నాం. తెరిచారు. వచ్చే బండి నాదే కావాలంటే ఎట్లా?" అన్నారు. వెంటనే గడియారం చూసుకుని లేచారు. ఆయనకు మందు వేళైంది.

అంత్యక్రియలకు వెళ్ళాను. శ్మశానం పట్టాల అవతల. వైకుంఠ రథం పట్టాల దగ్గరికి వచ్చేసరికి గేటు పడింది. నా పక్కనున్న సేటు మెడ చాపి లైను వెంట చూశాడు. ఎవరూ అడగకుండానే, "గూడ్సు" అన్నాడు.

ముందున్న రథం ఇంజను ఆపేశారు.