ప్రమాణం చేసిన సాక్షి

రాజమండ్రిలో నేను కొత్తగా వకీలునైన రోజుల్లో, గోదావరిలో స్నానం చేసి, సంధ్యవార్చి, విభూతి పెట్టుకుంటేగాని సాక్షులకు అబద్ధాలు నేర్పేవాణ్ణి కాదు.

ఒక పొలం తగాదాలో, ఆ పొలం పక్క కాలువలో చేపలు పట్టే జాలరిని సాక్షిగా పెట్టాం. సరిహద్దు గట్టును అవతలివాళ్లే జరిపారని, తాను కళ్లారా చూశానని అతను చెప్పాలి. నిజానికి అతను చూసిందేమీ లేదు. మూడు రోజులు నేర్పాను. తడుముకోకుండా అప్పజెప్పాడు.

కోర్టులో అతనిచేత దేవుడి ఎదుట ప్రమాణం చేయించారు. గట్టు సంగతి అడిగాను.

"నేను చూళ్లేదండి," అన్నాడు.

దావా పోయింది. బయటికి వచ్చాక అతన్ని నిలదీశాను. "మూడు రోజులూ బాగానే చెప్పావు కదా, ఇవాళ ఏమైంది?"

"అప్పుడు ప్రమాణం చెయ్యలేదు కదండి," అన్నాడు నెమ్మదిగా.

మా కక్షిదారు శివాలయానికి మండపం కట్టించిన భక్తుడు. నన్ను పక్కకు పిలిచి, "దేవుడంటే భయం ఉన్నవాణ్ణి ఎందుకు పెట్టారండి?" అని నొచ్చుకున్నారు.

పొరపాటు నాదేనని ఒప్పుకున్నాను. ఇకమీదట సాక్షులను ఆ సంగతి ముందే అడుగుతానని మాటిచ్చాను. ఆ మాట ఎన్నడూ తప్పలేదు.