ఐసు పెట్టిన గోధుమ చేను

చేనుకు నీళ్లు పెట్టినవాళ్లను చూసుంటారు, మందు పెట్టినవాళ్లనూ చూసుంటారు. ఐసు పెట్టినవాణ్ణి చూశారా? చూడకపోతే దండం పెట్టుకోండి, ఆ మహానుభావుణ్ణి నేనే. ఒక్క యాసంగి పంటలో నా చదువును, మా బాపు మాటను, పది గుంటల చెరుకు నేలను కలిపి ముంచిన ఘనత నాది.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. ఉత్తరాదిన ఓ చలి ఊళ్లో వ్యవసాయంలో పీజీ చేసి మా ఊరు ఎడపల్లిలో దిగాను. నా పరిశోధన గోధుమ కంకి మీద. గోధుమ మొక్క మొదలు దగ్గర, లోపల, ఆవగింజ కన్నా చిన్న మొన ఒకటుంటుంది. కొన్నాళ్లు అది ఆకులు పుట్టిస్తుంది. ఒకరోజు ఆకులు మానేసి కంకి కట్టడానికి కూచుంటుంది. ఎప్పుడు మానాలో, కంకికి ఎన్ని గుత్తులుండాలో, గుత్తికి ఎన్ని గింజలో చెప్పేవి జన్యువులు. ఈ సంగతిని నేను లావుపాటి పుస్తకంగా రాశాను. దాన్ని పూర్తిగా చదివింది ఇద్దరు, నేనూ మా గైడూ. గైడు విషయంలో కొంచెం అనుమానమే.

వస్తూ వస్తూ అక్కడి రైతు దగ్గర పన్నెండు కిలోల విత్తనం కొని, రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. దాని కంకి నా జానెడు. నమూనాకు తెచ్చిన ఒక కంకిని చేతిలో పట్టుకుని, బాపుతో కలిసి బోధన్‌లో ఖాదర్ చాచా హోటల్‌కు వెళ్లాను. చాచా మా బాపుకు చిన్ననాటి దోస్తు. రంజాన్ నెలంతా హోటల్ ముందు భట్టీ పెట్టి హలీం చేస్తాడు. హలీంకు మాంసం ఎంత ముఖ్యమో గోధుమా అంతే ముఖ్యం.

"సూడు చాచా, గిసొంటి కంకి మన దిక్కు ఎవరన్న పండించిండ్రా?"

"మాషాల్లా! ఇది మన భూమిల వస్తదా బేటా?"

"ఎందుకు రాదు? కంకి సైజు జన్యువులల్ల ఉంటది చాచా. భూమిది ఏమున్నది?"

భూమిది ఏమున్నదట! ఆ మాట అన్న నోట్లో అప్పుడే వేడి వేడి ఇరానీ చాయ్ పోసి ఉంటే ఈ కథ ఉండేది కాదు. పోసేవాళ్లు లేకపోగా, పక్కనే ఉన్న బాపు ఛాతీ పొంగింది. చాయ్ తాగుతున్న పదిమంది ముందు లేచి నిలబడ్డాడు.

"ఖాదర్, ఈ రంజాన్‌కు నువ్వు బజార్ల గోధుమలు కొనకు. నీ హలీంల నా శేను గోధుమనే పడ్తది. నా కొడుకు సదివిండు."

"పక్కానా గంగారాం భాయ్?"

"పక్కా. మాటంటే మాటే."

మా బాపు జీవితంలో అప్పు ఎగ్గొట్టలేదు, మాట తప్పలేదు. ఆ రెండో రికార్డు మీద నా కన్ను పడిందని పాపం ఆయనకు తెలియదు.

చెరుకు నరికిన పది గుంటల్లో మళ్లీ చెరుకు రానివ్వకుండా దున్ని గోధుమ చల్లాం. మొలిచింది. అట్లా ఇట్లా కాదు, పచ్చటి తివాచీ పరిచినట్టు మొలిచింది. దారిన పోయేవాళ్లు బండి ఆపి చూశారు. నేను గట్టు మీద నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ జన్యుశాస్త్రం చెప్పాను. ఒకాయన పారిపోయే తొందరలో చెప్పులు మా గట్టునే వదిలేశాడు.

డిసెంబర్ పోయింది. చేను గుబురు మీద గుబురు కడుతోంది. కంకి మాత్రం లేదు. మా అవ్వకు ఓపిక తక్కువ.

"కంకెప్పుడొస్తదిరా?"

"వస్తదవ్వా. లోపల జన్యువులు పని జేస్తున్నయి."

"గుత్తకు పట్టినయా, కూలికొచ్చినయా? గుత్తకైతే ఈపాటికి పని ఒడగొట్టి ఇంటికి పోయేటియి."

జనవరిలో మామూలు గోధుమ వేసినవాళ్ల చేలల్లో కంకులు పాలుపోసుకున్నాయి. నేను నా చేన్లోకి దిగాను. ఒక పిలకను బ్లేడుతో నిలువునా చీల్చి భూతద్దం పెట్టి చూశాను. లోపల మొన హాయిగా ఇంకో ఆకు పుట్టిస్తోంది. కంకి ఆలోచనే దానికి లేదు.

ఇంటికి పరిగెత్తి నా పుస్తకమే తెరిచాను. మూడో అధ్యాయం, నేనే రాసిన వాక్యం, నేనే కింద గీత గీసింది: "ఈ రకంలో కంకిని అడ్డుకునే కాపలా జన్యువు ఒకటుంది. కొన్ని వారాలపాటు గట్టి చలి తగిలితే తప్ప అది దారి వదలదు." ఎడపల్లిలో చలి అంటే పొద్దున మఫ్లర్, మధ్యాహ్నం బనీను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాకు మతితోపాటు కంకీ పోయింది.

బుద్ధున్నవాడైతే ఆ క్షణమే బాపు కాళ్ల మీద పడేవాడు. నేను బోధన్‌లో చెరుకు రసం బండి దగ్గరికి వెళ్లాను.

"అన్నా, ఐసు కావాలె."

"ఎంత?"

"పది గుంటలకు."

ఆయన గానుగ ఆపేశాడు. "గిలాసలకు ఇస్తం గని గుంటలకు ఎట్లిస్తమన్నా?"

చివరికి ఐసు ఫ్యాక్టరీ అడ్రసు చెప్పాడు. ఆటో నిండా గడ్డలు తెచ్చి, సుత్తితో పగలగొట్టి, సాళ్లలో పరిచి, తడి గోనెసంచులు కప్పాను. పదకొండు కొట్టేసరికి నీళ్లు. మర్నాడు మళ్లీ ఆటో. మూడోరోజు వెనక నుంచి గొంతు వినిపించింది.

"ఏం జేస్తున్నవ్‌రా?"

"శేనుకు సలి పెడ్తున్న బాపు."

"ఎందుకు? దానికి జరమొచ్చిందా?"

ఇక దాచలేక అంతా కక్కేశాను. బాపు శ్రద్ధగా విని ఒక్కటే అడిగాడు.

"ఇత్తనం మొలకగట్టి, కొన్ని వారాలు ఫ్రిజ్‌ల పెట్టి అప్పుడేస్తే?"

"కంకొచ్చేది బాపు."

"మరి పెట్టకపోతివి?"

నూటికి నూరుపాళ్లు సరైన మందు. పదో తరగతి తప్పిన మనిషికి అరనిమిషంలో తట్టింది! బాపు తిడితే బాగుండేది. తిట్టలేదు. గట్టు మీద కూచుని తువ్వాలతో మొహం తుడుచుకుని, "పదిమందిల చెప్పిన గద బిడ్డా" అన్నాడు. నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

"నేను బోయి చెప్త బాపు."

"మాట నాది. నేనే చెప్త."

ఇద్దరం వెళ్లాం. బాపు తల దించుకుని చెబుతుంటే నేను నేలలోకి దిగే దారి వెతుకుతున్నాను. చాచా గడ్డం గోక్కుని, "చలో, ఒకసారి శేను సూద్దాం" అన్నాడు. చూశాడు. మోకాళ్లెత్తు పచ్చిక. మర్నాడు పొద్దున్నే రంజాన్‌కని కొన్న పన్నెండు మేకపోతుల్ని తోలుకొచ్చి చేన్లో వదిలాడు. నా చదువంతటినీ అవి రెండు వారాల్లో నమిలేశాయి.

రంజాన్ మొదటి సాయంత్రం హోటల్ కిటకిటలాడుతోంది. రానని మొండికేసిన బాపును చాచా చెయ్యి పట్టి తెచ్చి ముందు బెంచీలో కూచోబెట్టాడు. మొదటి గిన్నె ఆయన ముందే పెట్టి, అందరికీ వినిపించేలా అన్నాడు:

"సునో భాయ్! గంగారాం మాట నిలబడ్డది. ఈ హలీంల ఆయన శేను గోధుమ పడ్డది!"

బాపు బిత్తరపోయాడు. నేను చాచా చెవిలో గొణిగాను.

"ఎందుకు చాచా గింత అబద్ధం? ఈ గోధుమ బజార్ది గద?"

"అబద్ధమెక్కడిది బేటా? నీ గోధుమ మేక తిన్నది. మేక హలీంల పడ్డది. అందరి గోధుమ సంచిల వస్తది, నీది నడుసుకుంట వచ్చింది, గంతే."

బాపు మొదట నా వైపు చూశాడు, తర్వాత గిన్నె వైపు. చెంచా పక్కన పెట్టి, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు. రెండో గిన్నె కూడా తిన్నాడు.

కనుక ఆ భట్టీ సాక్షిగా, ఆ పన్నెండు మేకపోతుల ఆత్మల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: కంకి కంటికి కనబడి, గింజ పంటికి తగిలేదాకా ఏ మొక్క గొప్పలూ హోటల్లో చెప్పను. తప్పి నోరు జారినా, ఆ టైముకు పక్కన మా బాపు లేకుండా చూసుకుంటాను.