టకటకమ్మ కొత్త తెర

ఆసుపత్రి రికార్డుల గదిలో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్న ఆవిడను అందరూ టకటకమ్మ అనేవారు. రోగి పేరు చెప్పడం పూర్తయ్యేలోపే ఆవిడ వేళ్లు కీబోర్డు మీద టకటకలాడేవి. అప్పటి కంప్యూటరులో బొమ్మల్లేవు. నల్లటి తెర, దాని మీద మెరిసే చిన్న గీత, అంతే. రెండక్షరాల ఆదేశం, దాని వెనకే పేరూ వయసూ కొడితే పాత ఫైలు ఏ బీరువాలో, ఏ అరలో ఉందో చూపించేది. అలాంటి ఆదేశాలు నలభై దాకా ఆవిడకు కంఠతా వచ్చు.

పక్క కుర్చీలోని అన్నయ్యకు ఒక్కటీ పట్టుబడలేదు. సొంత అన్న కాదు. వార్డులో స్ట్రెచర్లు తోసి తోసి నడుము పట్టేస్తే ఆయన్ను ఈ గదికి మార్చారు. ఒక్క చుక్క ఎక్కువైనా కంప్యూటరు తప్పు అనేది. "నా మొహం దీనికి నచ్చలేదు చెల్లెమ్మా" అంటూ లేచి బీరువాలన్నీ వెతికేవాడు.

అంతలో కొత్త ప్రోగ్రాం వచ్చింది. తెర నిండా రంగురంగుల మీటలు. మౌస్‌తో నొక్కితే చాలు. అన్నయ్యకు వారంలో చేయి తిరిగింది. టకటకమ్మకేమో చేతులు కట్టేసినట్టయింది. ఒక్కో ఫైలుకు ఆరు నొక్కులు, ప్రతి నొక్కుకూ మౌస్ కోసం వెతుకులాట. కిటికీ అవతల వరుస మెట్ల దాకా పాకింది. "ఈవిడకన్నా ఆయనే నయం" అని ఎవరో అన్నది చెవిన పడింది.

"నేను ముసలిదాన్నయిపోయానా?" అని ఆ సాయంత్రం భర్తను అడిగింది.

"ముసలితనం నీ దాకా రావాలంటే ముందు నన్ను దాటాలి" అన్నాడాయన, చొక్కాకు బొత్తాం కుట్టుకుంటూ. నవ్వొచ్చింది గానీ బెంగ తీరలేదు.

పాత ప్రోగ్రాం కంప్యూటరులో ఇంకా ఒక మూల ఉందని ఆవిడకు తెలుసు. వాడొద్దని చెప్పినా, రద్దీ పెరిగినప్పుడు గుట్టుగా తెరిచి, పని కానిచ్చి మూసేసేది. ఒక మధ్యాహ్నం అత్యవసర వార్డు నుంచి నర్సు పరుగెత్తుకొచ్చింది.

"మనిషి స్పృహలో లేడమ్మా! ఏ మందు పడదో భార్యకు గుర్తులేదట. పాత ఫైలు కావాలి!" అంటూ పేరూ వయసూ రాసిన చీటీ అందించింది.

టకటకమ్మ నల్లతెర తెరిచి నాలుగు సెకన్లలో అర నంబరు చెప్పింది. అన్నయ్య ఫైలు లాగి నర్సు చేతిలో పెట్టాడు. టకటకమ్మ వెనక్కి తిరిగితే, కొత్త ప్రోగ్రాం రాసిన అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది. ఎలా నడుస్తోందో చూసిపోదామని వచ్చిందట.

టకటకమ్మ గబుక్కున నల్లతెర మూసేసింది. "తప్పేనమ్మా, కానీ ఆ మనిషి..."

"తప్పు మీది కాదండీ, నాది. ఇంకోసారి చేసి చూపిస్తారా? కాస్త మెల్లగా."

మూడు రోజులు ఆ అమ్మాయి స్టూలు వేసుకుని ఇద్దరి మధ్యా కూర్చుంది. ఆవిడ వేళ్లనూ చూసింది, అన్నయ్య మౌస్‌నూ చూసింది. "మీటలు తీసేస్తే ఆయనకు కష్టం, అవే ఉంచితే మీకు కష్టం. రెండూ ఒకే తెర మీద పెడతాను" అని చెప్పి వెళ్లింది.

నెల తిరిగేసరికి తెర మీద మీటల కింద, ఆదేశాలు కొట్టడానికి ఒక పొడవాటి పెట్టె వచ్చింది. టకటకమ్మ అందులో తన రెండక్షరాలు కొట్టగానే ఫైలు వివరాలతోపాటు బీరువా బొమ్మ, అందులో ఆ అర వెలుగుతూ కనబడ్డాయి. అన్నయ్య ఏ మీట నొక్కినా, ఆ పనికి కొట్టాల్సిన ఆదేశం అదే పెట్టెలో దానంతటదే పడేది. రోజూ చూసి చూసి, ఒకనాడు ఆయన మౌస్ పక్కకు నెట్టి ఒంటి వేలితో రెండక్షరాలు పొడిచాడు.

"వచ్చింది! చెల్లెమ్మా, వచ్చేసింది!" అని కేకేస్తే వరుసలోని వాళ్లు బిత్తరపోయారు.

టకటకమ్మ కూడా మారింది. ఒకేసారి యాభై ఫైళ్లు మరో బీరువాకు మార్చినట్టు కంప్యూటరులో ఎక్కించాల్సి వస్తే, అన్నిటినీ కలిపి ఒక్కసారే లాగేయొచ్చని మౌసే పట్టుకునేది. "నీ బొమ్మలు మరీ దండగేం కాదులే" అని ఆ అమ్మాయికి ఫోన్ చేసి మరీ ఒప్పుకుంది.

అదే అదనని ఆ అమ్మాయి అడిగింది. "ఇంకో ఆసుపత్రిలో కూడా ఇదే పెడుతున్నాం. వచ్చి అక్కడివాళ్లకు నేర్పిస్తారా?"

"వస్తాను గానీ, అన్నయ్య కూడా రావాలి" అంది టకటకమ్మ. "ఎలా చేయాలో నేను చెబుతాను. ఎక్కడెక్కడ తప్పుతారో ఆయనకే బాగా తెలుసు."