లాకు గట్టు మీద నిద్రసాము

దరియావలి మామకు ఒకటే జబ్బు. లోకమంతా తొందరపడే వేళకు ఆయనకు నిదానం పట్టుకునేది.

సముద్రపు పోటు నీళ్లు ఎక్కి, కాలవలో పడవలు ఒకదాని వెనక ఒకటి ముక్కులు రాసుకుంటూ నిలబడి, పడవవాళ్లు ఒకరి అమ్మను ఒకరు తలుచుకునే సమయానికి, నీళ్లను ఆపే లాకు తలుపులు తీయాల్సిన మనిషి తలుపుల దగ్గర ఉండేవాడు కాడు. గట్టు మీద లుంగీ ఎగ్గట్టి, మోకాళ్లు కాస్త వంచి, కనబడని పసిబిడ్డనెవరినో ఒక ఊయలలోంచి ఇంకో ఊయలలోకి మారుస్తున్నట్టు రెండు చేతులూ గాలిలో మెల్లగా, మహా మెల్లగా కదుపుతుండేవాడు.

"సాయిబూ! తలుపు తీస్తావా, మమ్మల్నే దూకి పొమ్మంటావా?" అని మస్తానయ్య అరిచేవాడు. కాలవ మీద అందరికంటే పెద్ద పడవా, పెద్ద గొంతూ ఆయనవే.

దరియావలి మామ ఒక కాలు ఎత్తేవాడు. అది దించేలోపల మస్తానయ్య ఒక బీడీ పూర్తిగా కాల్చేసేవాడు.

"ఇంగో కాలుండాది రా దేవుడా!" అని వెనక పడవల్లోంచి ఎవరో ఏడ్చేవారు.

ఆ విద్య ఆయన రంగూనులో నేర్చాడు. వయసులో అక్కడ రేవులో మూటలు మోసేటప్పుడు ఒక చీనా వడ్రంగి నేర్పాడట. దాని పేరు తాయిచీ. మా వైపు సాము అంటే పీర్ల పండగలో కర్ర తిప్పడం. చూసేవాడి గుండె జారాలి. ఈ సాము చూస్తే ఆవలింత వచ్చేది. అందుకని నిద్రసాము అని పేరు పెట్టారు.

యుద్ధంలో రంగూను విడిచి వచ్చాక ఆయనకు బకింగ్‌హాం కాలవ మీద లాకు ఉద్యోగం దొరికింది. అది మనిషి తల నిమ్మళంగా నిలబడే ఉద్యోగం కాదు. పోటుకు ఒక్కసారే తలుపులు తీయాలి. వరసలో ఉన్న పడవల్ని వదిలి మూసేయాలి. అందని పడవ మళ్లీ పోటు దాకా ఆగాల్సిందే. 'ఏ పడవ కొరకును ఆగబడదు' అని గోడ మీద పలక కూడా ఉండేది. మొదట్లో మామ అందరికంటే ఎక్కువ అరిచేవాడట. ఒకరోజు కోపం పట్టలేక తలుపుల చక్రం తిప్పే ఇనప కడ్డీని కాలవలోకి విసిరేశాడు. పొద్దుగూకేదాకా దానికోసం తనే మునకలు వేశాడు. ఒడ్డున పడవవాళ్లు కూర్చుని, "ఇంకాస్త ఎడం పక్కకి సాయిబూ" అని దారి చెప్పారు. కడ్డీ దొరికిన మర్నాటి నుంచి చీనా వడ్రంగి చెప్పిన సాము మొదలుపెట్టాడు.

ఆయన భార్య లాల్‌బీ అత్తకు ఆ సాము పేరెత్తితే ఒళ్లు మండేది.

"పాలు పొంగుతుండాయి, దించవయ్యా అంటే గాలిని పట్టుకోని తోస్తా ఉంటాడమ్మే! ఆ చేతులు చాచుకోని నిలబడితే కోడిపెట్ట వచ్చి కూసున్నింది. అది దిగేదాకా కదల్లేదు ఈ మహానుభావుడు."

"దిగమంటే బెదరతాది గదా" అన్నాడు మామ.

"నేను బెదరతా ఉండానే, దానికేం?"

కాలవలో ఒక కొంగ ఉండేది. మామ ఒంటికాలి మీద నిలబడితే అదీ ఎదురుగా ఒంటికాలి మీద నిలబడేది. పడవవాళ్లు కొంగ మీద కొందరు, మామ మీద కొందరు పందేలు కాసేవారు. చేప కనబడితే కొంగ ఓడిపోయేది. మామ ఎప్పుడూ ఓడలేదు.

ఇవన్నీ నేను మా పడవలోంచి చూసేదాన్ని. మాది కాలవ మీద అన్నిటికంటే వెనకపడ్డ పడవ. మా నాయన చెంచయ్యకు ఉబ్బసం. అమ్మ పోయింది. నాయన పడవ లాగే తాడు భుజాన వేసుకుని గట్టున నాలుగడుగులు నడిస్తే కూర్చుండిపోయేవాడు. అందుకని మిషను బడి మాన్పించి తాడు నా భుజాన వేశాడు. ఉప్పు బస్తాలతో నిండిన పడవను ఎదురుగాలిలో ఆడపిల్ల లాగితే అది ఎంత దూరం పోతుందో చెప్పనక్కరలేదు. మా పడవే మా ఇల్లు. వంట అందులోనే, పడక అందులోనే. గట్టు మీద మాకు గుడిసె కూడా లేదు.

అయినా మాకు పోటు తప్పేది కాదు. పరుగుపరుగున వస్తే లాకు దగ్గర మామ సాము ముగిస్తూ కనబడేవాడు. "అదృష్టం బిడ్డా" అనేవాడు నాయన. నాకు అదృష్టం మీద అంత నమ్మకం లేదు. ఒక సంగతి మాత్రం గమనించాను. నమాజుకు పడమటికి తిరిగే మనిషి సాముకు ఎప్పుడూ ఉత్తరానికే తిరిగేవాడు. ఎందుకని అడగలేదు. నేను ఎవరినీ ఏదీ అడిగే రకం కాదు.

చీనా యుద్ధం వచ్చాక పడవలో పోతున్న ఒక వ్యాపారికి ఆ ఆలస్యం నచ్చలేదు. లాకు మనిషి సర్కారు గట్టు మీద శత్రుదేశపు సాము చేస్తున్నాడని పైకి రాసేశాడు. ఇంజనీరుగారు జీపులో దిగారు.

"ఇది చైనావాళ్ల సాముట గదా?"

"నేర్పింది చైనావాడే సార్. చేసేది మాత్రం నెల్లూరోడే."

"ఎందుకు చేస్తావు?"

"తల నిలబడేదానికి సార్. ముందర పడవోళ్లు, ఎనక పడవోళ్లు, పైన మీరు, కింద నీళ్లు."

ఇంజనీరుగారు నవ్వలేదు. డ్యూటీలో ఉన్న ఉద్యోగి అవసరమునకు మించి కాలుచేతులు కదిలించరాదని, కదిలించినచో ఉద్యోగము పోవునని ఒక ఉత్తరువు రాయించి పలక కింద అంటించారు. లాల్‌బీ అత్త ఇంజనీరుగారికి మజ్జిగ ఇచ్చింది. మామ ఆనాటి నుంచి గట్టు మీద పాతిన రాయిలా నిలబడ్డాడు.

మా పడవకు పోటు తప్పింది. మళ్లీ తప్పింది. ఉప్పు షావుకారు నాయనను పిలిచి, "ఇంకొకసారి ఆలస్యమైతే సరుకు లారీకి ఎత్తిస్తా" అన్నాడు. సరుకు లేని పడవ దేనికి? నాయన పడవ చెక్కలు తట్టి చూసుకుంటూ, "కట్టెల కింద అమ్మితే ఎవురైనా కొంటారులే" అన్నాడు. ఆ మాట ఆయన ఏడవకుండా అన్నాడు. దానికే నాకు భయం వేసింది.

ఆ మరుసటి పోటుకు మేం ఇంకా వంపుకు అవతల ఉండగానే లాకు గంట వినబడింది. గంట కొట్టారంటే తలుపులు తీస్తున్నారని.

"ఇంగ ఆగిపో బిడ్డా" అన్నాడు నాయన పడవలోంచి. "ఎందుకు లాగతావు?"

తాడు భుజం మీద సర్దుకున్నాను. ఆగాలంటే ఏదో ఒకటి మాట్లాడాలి. మాట్లాడటం కంటే లాగడమే తేలిక. లాగాను. ఎక్కడ పడుకోవాలి, నాయన మందు ఎక్కడ పెట్టుకోవాలి, రేపు అన్నం ఏ పొయ్యి మీద వండాలి అనుకుంటూ లాగాను. వంపు తిరిగాను.

లాకు తలుపులు బార్లా తీసి ఉన్నాయి. పడవలన్నీ బయటే ఉన్నాయి. పడవల్లో మనిషి అన్నవాడు లేడు. అందరూ గట్టు మీద వరసగా నిలబడి, మోకాళ్లు వంచి, చేతులు గాలిలో తేలేసి సాము చేస్తున్నారు! ఒకడు కల్లుకుండ దించుతున్నట్టు, ఒకడు దోమల్ని తోలుతున్నట్టు. ఒకడు లుంగీ కాలికి చుట్టుకుని పక్కవాడి మీద పడ్డాడు. అందరికీ ముందు మస్తానయ్య, నోట్లో బీడీతో, ఒంటికాలి మీద ఊగిపోతున్నాడు.

ఉత్తరువు ఎలా నడుస్తోందో చూడటానికి మళ్లీ వచ్చిన ఇంజనీరుగారు గడియారం చూపిస్తూ అరుస్తున్నారు. "ఏమిటిది? తలుపులు తీస్తే పడవలు కదలవేం?"

"తల నిలబడలేదు దొరా. నిలబడినాక పోతాం" అన్నాడు మస్తానయ్య.

"ఉత్తరువు చదవలేదా?"

"అది జీతగాళ్లకు దొరా. మమ్మల్ని కదలొద్దని యాడా రాయలా."

అప్పుడు చూశాను. అందరూ ఉత్తరానికే తిరిగి ఉన్నారు. కాలవ వంపు వైపు. మా వైపు.

"ఏమ్మే రెబెక్కా!" మస్తానయ్య నన్ను చూసి ఎత్తిన కాలు ధబీమని దించాడు. "వచ్చినావా తల్లీ? మీ పడవ కనబడేదాకా ఆ సాయిబు కాలు దించేవాడు కాదు. మీ పుణ్యాన నా బీడీలన్నీ ఈ గట్టు మీదనే బూడిదయినాయి."

"నీకు తెలుసా అన్నా?" అన్నాను. కాలవ మీద నేను గట్టిగా అన్న మొదటి మాట అదేననుకుంటాను.

"తెలవకేం? తిట్టేది తిట్టేదే, ఆగేది ఆగేదే."

ఇంజనీరుగారు నా వైపు చూశారు, నా భుజం మీది తాడు వైపు చూశారు. తర్వాత గడియారం ఆగిపోయినట్టుగా దాన్ని చెవి దగ్గర పెట్టుకుని, చాలా సేపు కీ ఇచ్చుకుంటూ జీపు వైపు నడిచారు.

మా పడవ ఆ తర్వాత ఎంతో కాలం నిలవలేదు. లారీలు వచ్చి అందరి పడవలనూ తిన్నాయి. కానీ ఆరోజు మాత్రం మేం అందరితోపాటు లాకులోకి పోయాం. నాయన నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు.

గట్టు మీద ఒక్క దరియావలి మామే సర్కారు ఉత్తరువు ప్రకారం వేలు కూడా కదపకుండా నిలబడి ఉన్నాడు. మా పడవ దగ్గరగా పోతుంటే నా వైపు చూడలేదు. పెదవి చివరి నుంచి పక్క పడవలో ఉన్న మస్తానయ్యతో మెల్లగా అన్నాడు:

"ఇంగోసారి మోచెయ్యి కిందకి దించు మస్తానయ్యా. మబ్బును తొయ్యమంటే, గొడ్డును తోలినట్టు తోలినావే."