చెన్నప్పను వెతికిన కాగితాలు

మారెక్క మొగుడు చెన్నప్ప గొర్రెల కాపరి. రాళ్ళకుంట అనే ఆ చిన్న ఊళ్ళో వాన మొహం చాటేసిన ఏడు వేరుశనక్కాయే కాదు, గడ్డి కూడా మొలవదు. అలాంటి ఏడు కాపరులు గొర్రెలను తోలుకుని కణేకల్ వైపు పోతారు. అక్కడ కాలువ నీళ్ళు పారతాయి. వరి కోతలయ్యాక మడుల్లో గొర్రెలు మేస్తాయి, వాటి ఎరువు కోసం రైతులే మందను తమ పొలంలో పడుకోబెట్టించుకుంటారు. ఎనిమిదేళ్ళ కింద చెన్నప్ప కూడా అలాగే, తన జతగాడు బాలప్పతో కలిసి పోయాడు.

పోయిన రెండు నెలలకు ఇంట్లో అతని తల్లి అక్కమ్మ జారి పడి తుంటి విరగ్గొట్టుకుంది. మారెక్క ఫోన్ చేసింది. "వస్తాండా, రేపు పొద్దునకు ఆడుంటా," అన్నాడు చెన్నప్ప. గొర్రెలను బాలప్పకు అప్పజెప్పి బస్సెక్కాడు. బస్సెక్కించింది బాలప్పే. ఆ బస్సు అనంతపురం చేరింది. చెన్నప్ప ఇల్లు చేరలేదు. ఫోన్ ఆ సాయంత్రం నుంచే మూగబోయింది.

వారం చూసి మారెక్క మండలం ఊళ్ళో ఉన్న పోలీసు స్టేషనుకు పోయింది. బయట అంగట్లో అర్జీ రాయించుకుంది. చెన్నప్ప ఫోటో ఒకటే ఉంది ఇంట్లో, వాళ్ళ చిన్నాన్న కొడుకు పెళ్ళిలో తీసింది. తలకు తుండుగుడ్డ చుట్టుకుని, నవ్వీ నవ్వనట్టు నిలబడి ఉంటాడు. స్టేషన్‌లో రాత పని చూసే రైటరు ఆ ఫోటోను అర్జీకి గుండుసూదితో గుచ్చి, పక్కన పెట్టాడు.

"పొమ్మా, ఎతుకుతాం. తెలిస్తే ఫోన్ చేస్తాం," అన్నాడు.

"మళ్ళా ఎప్పుడు రావాల సార్?"

"నువ్వు రానక్కర్లేదు. పని మాది గదా."

అయినా ఆమె పోయేది. పోయినప్పుడల్లా "ఎతుకుతాండాం" అనే మాట వినేది. ఆ ఒక్క మాట పట్టుకుని ఇంటికొచ్చేది. కొన్నాళ్ళకు పోవడం తగ్గింది. అత్తకు లేచి నడిచే శక్తి లేదు. గొర్రెలు అమ్ముడుపోయాయి. మారెక్క కూలికి పోకపోతే పొయ్యి వెలగదు. అంతేకాక, పదే పదే పోయి వాళ్ళ పనికి అడ్డం పడితే కోపమొచ్చి వెతకడం మానేస్తారేమోనని భయపడింది.

ఆ ఏళ్ళన్నీ ఆమె మనసులో ఒక బొమ్మ ఉండేది. ఆ పెళ్ళి ఫోటోను పెద్దది చేసి బళ్ళారి బస్టాండులో, హిందూపురం రైల్వే స్టేషన్‌లో, తను చూడని ఊళ్ళ గోడల మీద అంటించి ఉంటారని. దాన్ని ఎవరో ఒకరు నిలబడి చూస్తారని. రోడ్డు మీద పోలీసు జీపు కనబడితే తలమీది గడ్డిమోపుతోనే ఆగి, అది పోయేదాకా చూసేది. పేపర్లో గుర్తు తెలియని శవం అని పడిందంటే ఎవరితోనైనా చదివించుకునేది. ఎత్తు, వయసు సరిపోకపోతే ఆ పూట అన్నం తినేది.

నొసట బొట్టు తీయలేదు. తీయమని ఎవరూ గట్టిగా అనలేదు, ఉంచుకోమనీ అనలేదు. పెళ్ళిళ్ళకు పోతే ముత్తయిదువలకు పసుపు కుంకుమ ఇచ్చేటప్పుడు ఆమె ముందుకొచ్చేసరికి పళ్ళెం ఒక్క క్షణం ఆగేది. ఆ క్షణం పడలేక పెళ్ళిళ్ళకు పోవడమే మానేసింది.

నిరుడు ఊళ్ళో భూముల కొలతలు మళ్ళీ మొదలయ్యాయి. మూడెకరాల చేను చెన్నప్ప పేరు మీద ఉంది. కొలతలకు వచ్చినాయన "నీ మొగుణ్ణి పిలువమ్మా, వేలిముద్ర కావాల," అన్నాడు.

"లేడు సార్. తప్పిపోయినాడు."

"చచ్చిపోయింటే సర్టిఫికెట్ తీసుకురా. తప్పిపోయింటే పోలీసోళ్ళ కాగితం తీసుకురా. ఏదీ లేకుంటే నేనేం రాసుకోవాల?"

గ్రామ సచివాలయంలో సరళ అని మహిళా పోలీసు ఉద్యోగంలో ఉన్న అమ్మాయి ఉంది. గోరంట్ల పిల్ల, మాట మెత్తన. మారెక్క ఆమె దగ్గరికి పోయింది. ఏడేళ్ళు దాటినా మనిషి జాడ తెలియకపోతే చనిపోయినట్టే లెక్కగట్టమని కోర్టును అడగొచ్చని సరళ చెప్పింది. దానికి అప్పట్లో పోలీసులు కట్టిన కేసు కాపీ, వెతికినా దొరకలేదని వాళ్ళిచ్చే కాగితం కావాలంది.

మారెక్క స్టేషనుకు పోయి అడిగింది. అప్పటి రైటరు లేడు. ఆ తరవాత వచ్చినవాళ్ళూ బదిలీ అయిపోయారు. "అంత పాతవి యాడుంటాయమ్మా," అని పంపేశారు. రెండోసారి పోతే గేటు దగ్గరే ఆపారు.

"నోటితో అడిగితే ఇట్లే తిప్పుతారు," అంది సరళ. "సమాచార హక్కు కింద రాసి అడుగుదాం. రిజిస్టర్ పోస్టులో పంపుదాం. నెలలో జవాబు ఇయ్యాల. నీకు తెల్ల కార్డు ఉండాది గదా, దాని జిరాక్సు పెడితే ఫీజు కూడా కట్టనక్కర్లేదు."

సచివాలయం బల్ల మీద ఇద్దరూ కూర్చుని రాశారు. ఫలానా నెలలో ఇచ్చిన అర్జీ కాపీ. ఆ రోజు స్టేషన్ డైరీలో రాసుకున్న దాని కాపీ. కేసు కట్టి ఉంటే ఎఫ్.ఐ.ఆర్. కాపీ. వేరే స్టేషన్లకు పంపిన నోటీసుల కాపీలు.

"నా మొగుణ్ణి యాడ యాడ ఎతికినారో కూడా రాయి సరళమ్మా."

"అట్లడిగితే జవాబియ్యరు మారెక్కా. ఎందుకు, ఎట్ల అని అడగకూడదు. కాపీలే అడగాల. నోటీసులు చూస్తే ఏ ఊళ్ళకు పోయిందీ మనకే తెలుస్తాది."

"మరి ఫోటో? అదొక్కటే ఉండె నాకాడ. వాళ్ళ పనైపోయింటే ఇచ్చేయమని రాయి."

సరళ అది కూడా రాసింది. మారెక్క వేలిముద్ర వేసి, ఇంక్ మరకను చీర చెంగుకు తుడుచుకుంది. ఆ నెల కూలికి పోయినచోట "మా ఆయన కాగితాలొస్తాయి" అని చెప్పుకుంది. చాలా ఏళ్ళ తరవాత "మా ఆయన" అనే మాట ఆమె నోట ఇంకొకరు విన్నారు.

జవాబు వచ్చింది. సరళ కవరు చించి, చదివి, మళ్ళీ చదివింది.

"ఏమంటాండారు?"

"ఆ పేరుతో కేసేదీ కట్టలేదంట. అర్జీ వచ్చినట్టు కూడా లేదంట. ఆ ఏడాది స్టేషన్ డైరీ గడువు దాటిందని రూలు ప్రకారం తీసేసినారంట."

"అంటే?"

"రాసుకోలేదు మారెక్కా."

"రాసుకోకుంటే పోనీలే. ఎతికినారా లేదా?"

సరళ కాగితం మడతలు సరిచేసింది. "రాసుకోకుంటే ఎతకరు."

మారెక్క లేచి బయటికొచ్చి, సచివాలయం మెట్ల మీద ఎండలో కూర్చుంది. ఆమె మనసులో ఊరూరా గోడల మీదున్న ఫోటోలన్నీ ఒక్కొక్కటీ ఊడిపోతున్నాయి. బళ్ళారిలో లేదు. హిందూపురంలో లేదు. ఎక్కడా, ఏ ఒక్కరూ దాని ముందు నిలబడలేదు. తను చేలో కలుపు తీస్తూ ఇప్పుడు ఎవరో వెతుకుతుంటారనుకున్న ప్రతి పొద్దూ, ఎవరూ వెతకలేదు.

సరళ అప్పీలు రాసింది. పట్టణంలో పై అధికారి ముందు విచారణకు పిలిచారు. ఆయన కసురుకోలేదు, ఓపిగ్గానే అడిగాడు. "అర్జీ ఇచ్చినట్టు రసీదు ఉందా అమ్మా?"

"రసీదు ఇయ్యలేదు సార్."

"నువ్వు అడిగినావా?"

అడగాలని ఆమెకు ఎవరు చెప్పారు? తల అడ్డంగా ఊపింది. లేని రికార్డును తాను ఇప్పించలేనని ఆయన రాసి ముగించాడు. ఇంకా పైన సమాచార కమిషన్ ఉందని సరళ అంది కానీ, ఆ మాట మీద ఆమెకే నమ్మకం లేదు. పుట్టని కాగితాన్ని ఎవరి దగ్గరికి పోయి అడిగినా ఒకటే.

మిగిలింది కొత్తగా ఫిర్యాదు ఇవ్వడం. ఈసారి సరళ వెంట వచ్చింది. కొత్త ఎస్సై శశికుమార్ చిన్నవాడు. కుర్చీ వేయించాడు. అప్పుడు జరిగినదానికి తానేమీ చేయలేనని, ఇప్పుడు మాత్రం కేసు కట్టి కాపీ చేతికిస్తానని చెప్పాడు. కానిస్టేబుల్ కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కొక్కటే అడిగాడు.

"ఎత్తు ఎంత?"

మారెక్క తన తల పైన చెయ్యి పెట్టి చూపించింది.

"గుర్తులు?"

"ఎడమ మోకాలు కింద కుక్క కరిచిన మచ్చ."

"ఫోటో?"

"మీకే ఇచ్చినా సార్."

కానిస్టేబుల్ ఎస్సై వైపు చూశాడు. రేషన్ కార్డు మీద తపాలా బిళ్ళంత బొమ్మ ఉంది, నల్లగా అలికినట్టు. అదే స్కాన్ చేశారు.

"తప్పిపోయిన రోజు ఏం బట్టలు వేసుకుని ఉండె?"

ఇల్లు వదిలినప్పుడు నీలం చొక్కా. కానీ బస్సెక్కిన రోజు ఏం వేసుకున్నాడో చూసింది బాలప్ప. బాలప్ప కరోనాలో పోయాడు. బతికుండగా ఆ మాట అడగాలని ఆమెకు తోచలేదు. అది పోలీసులు ఎప్పుడో అడిగి రాసుకునే ఉంటారనుకుంది.

"తెలీదు సార్," అంది. అప్పుడు ఏడ్చింది. స్టేషన్‌లో అందరూ పని ఆపారు. శశికుమార్ లేచి బయటికి పోయి నిలబడ్డాడు.

కాపీ చేతికి వచ్చింది. దాన్ని చూసిన వకీలు పెదవి విరిచాడు. తప్పిపోయి ఎనిమిదేళ్ళన్నది నీ నోటి మాటే, పోలీసు కాగితం మాత్రం నిన్నటిది, కోర్టు దేన్ని నమ్ముతుందో చెప్పలేనన్నాడు. కొలతలు ముగిశాయి. చేను చెన్నప్ప పేరు మీదే ఉంది, యజమాని అందుబాటులో లేడన్న మాటతో.

అత్త అక్కమ్మ మంచంలో నుంచే అడిగింది, పోలీసోళ్ళు ఏమన్నారని. మారెక్క దాచలేదు. "ఇన్నాళ్ళూ ఎతకనే లేదంట అత్తా."

ముసలామె ముఖంలోకి మెల్లగా వెలుగు వచ్చింది. "అట్లయితే యాడో ఉండాడు. ఎతికింటే దొరికేవాడు గదా నా కొడుకు!"

మారెక్క ఆమె కాళ్ళ మీది దుప్పటి సర్దింది.

ఇప్పుడు స్టేషన్ నుంచి అప్పుడప్పుడూ ఫోన్ వస్తుంది. తేలని కేసులు ఎంతవరకు వచ్చాయో పైవాళ్ళకు చెప్పాలి కాబట్టి కానిస్టేబుల్ చేస్తాడు. మొదటిసారి ఆ నంబరు చూసి చేతిలోది చేలోనే పారేసి, ఫోన్ ఎత్తింది.

"ఏమమ్మా, మీ ఆయన ఇంటికొచ్చినాడా?"

ఆమెకు మొదట అర్థం కాలేదు. వాళ్ళు తనకు చెబుతారనుకున్నది, వాళ్ళు తననే అడుగుతున్నారు.

"రాలేదు సార్," అంది.

"సరే, వస్తే చెప్పు," అని అతను పెట్టేశాడు.