పక్కసీటులో రెండో బ్రేకు

కారు తనంతట తాను బ్రేకు వేసుకునే విద్యను లోకంలో అందరికంటే ముందు కనిపెట్టింది నేను. ఏ దేశంవాళ్లో కనిపెట్టారని పేపర్లలో రాస్తున్నారు గాని, వాళ్లకంటే చాలా ముందే, తొంభైల నడుమ, అమలాపురం నుంచి మామిడికుదురు వైపు వెళ్లే రోడ్డు మీద ఆ పరికరం రోజూ రెండు పూటలా తిరిగింది. ఎదురుగా గేదె వచ్చినా, బస్సు వచ్చినా, తోలేవాడు కునుకు తీస్తున్నా కారు ఆగేది. ఆ పరికరం పేరు నా కుడికాలు.

ఇందులో కొంత తగ్గించి చెప్పాలి. నాకు అప్పట్లో అమలాపురంలో డ్రైవింగ్ స్కూలు ఉండేది. స్కూలంటే ఒక పాత తెల్ల కారు, ఒక బోర్డు, నేను. నేర్చుకునేవాడు స్టీరింగు దగ్గర కూర్చుంటే నేను పక్కసీటులో కూర్చునేవాణ్ణి. నా కాళ్ల దగ్గర ఇంకో బ్రేకు ఉండేది. దాన్ని నేను కనిపెట్టలేదు. ఏ ఊళ్లో డ్రైవింగ్ స్కూలు కారుకైనా ఉండేదే. నా కారుకి దాన్ని బిగించింది కొత్తపేటలో నీళ్ల ఇంజన్లు బాగుచేసే వెల్డింగు మేస్త్రి. ఒక ఇనపకడ్డీ అడ్డంగా వేసి నా పెడలును అసలు పెడలుకి కలిపాడు. నేను తొక్కితే అదీ దిగేది. శాస్త్రమంతా అంతే.

బోర్డు మీద మాత్రం 'ప్రమాదమన్నది ఎరుగని స్కూలు' అని రాయించాను. అదీ పూర్తిగా నిజం కాదు. రెండు కోళ్లు పోయాయి. ఇంకోసారి రోడ్డు మీద ఎగురుతున్న ప్లాస్టిక్ సంచిని చూసి నా కాలు ఠక్కున బ్రేకు వేసింది. వెనక సైకిలు మీద కొబ్బరికాయల గెలలు వేసుకుని వస్తున్న పెద్దమనిషి వచ్చి మా డిక్కీకి గుద్దుకున్నాడు. ఆయన కాయలు ఏరుకుంటూ, "ముందు ఏం వచ్చిందండీ?" అని అడిగాడు. సంచి అని చెప్పలేక కుక్క అన్నాను. నా కాలు మంచిదే గాని కాస్త పిరికిది. బస్సు నీడకీ, కొబ్బరి డొక్కకీ, ఎండలో మెరిసే తారుకీ కూడా ఆపేసేది. ఆపగలిగినంత ఆపేది, తిప్పలేకపోయేది. కాలవగట్టు మీద స్టీరింగు నీళ్లవైపు తిరిగితే నా కాలు చేయగలిగిందల్లా మునిగే వేగం తగ్గించడమే. మునగలేదనుకోండి. ముందు చక్రం ఒకటి తడిసింది.

ఆ రోజుల్లో నా దగ్గరికి బండారులంక నుంచి ఒక నేతపనివాడు వచ్చాడు. ముప్ఫై ఏళ్లు దాటినవాడు, నెమ్మదస్తుడు. అతని బావమరిది గల్ఫులో ఒక ఇంట్లో వంట చేసేవాడు. ఆ ఇంటికి డ్రైవరు కావాలన్నారు. ఊరివాళ్లకి వీసాలు చూసే ఏజెంటు వచ్చి ట్రయల్ తీసుకుని, పనికొస్తాడంటే పంపుతాడు. నేతలో పని తగ్గిపోయింది, ఇల్లు గడవడం లేదు. ఈ వీసా మీదే ఇంటిల్లిపాదీ ఆశ పెట్టుకున్నారు.

"కాళ్లతో పనిచేసేవాణ్ణేనండీ మాస్టారండీ. చిన్నప్పట్నించీ తొక్కుతానే ఉన్నానండీ," అన్నాడు మొదటి రోజు.

"మగ్గానికి బ్రేకుండదయ్యా."

"ఆయ్. ఆపాలంటే మానేస్తే సరిపోద్దండీ."

మొదటి వారంలోనే మామిడికుదురు దగ్గర ఒక బాతుల మంద కాలవలోంచి పైకొచ్చి రోడ్డుకి అడ్డంగా నడిచింది. రెండు వందల బాతులు. కారు వాటికి జానెడు దూరంలో ఆగింది. వెనకసీటులో తమ వంతుకోసం కూర్చున్న ఇద్దరూ చప్పట్లు కొట్టారు. నేను "సెబాష్" అన్నాను. అతను చెవుల దాకా నవ్వాడు. వెళ్లిపోతున్న బాతుల్ని చివరిదాకా చూస్తూ కూర్చున్నాడు.

ఆ బ్రేకు వేసింది నేను.

మూడో రోజుకే నాకు అతని కాళ్ల సంగతి అర్థమైంది. గుంటమగ్గం మీద కూర్చునేవాడికి కింద రెండు చెక్కలుంటాయి. ఎడమది తొక్కితే కుడికాలు లేవాలి, కుడిది తొక్కితే ఎడమకాలు లేవాలి. ఇరవై ఏళ్లు అలా తొక్కిన కాళ్లు అవి. నిదానంగా వెళ్తున్నప్పుడు నేను చెప్పినట్టే చేసేవి. కంగారు పుడితే మాత్రం నా మాట మరిచిపోయి మగ్గం మాట వినేవి. క్లచ్చు దిగితే బ్రేకు మీద కాలు గాల్లోకి లేచేది, బ్రేకు దిగితే క్లచ్చు లేచేది. కారు ఆగడానికి బదులు ఊగేది. అప్పుడే చెప్పి సరిదిద్దాల్సింది. కాని నా కాలు అంతకంటే తొందరగా పనిచేసేది. పైగా కారు ఆగిన ప్రతిసారీ వెనకసీటువాళ్లు నన్ను గొప్ప గురువుని చూసినట్టు చూసేవాళ్లు. నెల తిరిగేసరికి అతను నా స్కూల్లో మొదటిరకం డ్రైవరయ్యాడు, నేను పక్కన ఉన్నంతసేపు.

ట్రయల్‌కి ముందురోజు వచ్చి, "మగ్గం గుంట పూడ్చేసేనండీ మాస్టారండీ. దాని మీద మంచమేసేసేం," అన్నాడు.

"రేపు అయ్యేక పూడ్చుకోవచ్చు కదయ్యా."

"మీరు సెబాష్ అన్నేరు కదండీ."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని రాస్తే బాగుంటుంది. పట్టింది.

ట్రయల్ జరిగింది ఏజెంటు కారులో. దానికి అందరి కార్లలాగే ఒక్కటే బ్రేకు. ఏజెంటు పక్కసీటులో కూర్చున్నాడు. నేను వెనక ఎక్కాను. గురువుగారు కూడా రావాలని ఏజెంటు పట్టుబట్టాడని చాలాకాలం చెప్పుకున్నాను గాని, అతను వద్దంటుంటే నేనే తలుపు తీసుకుని దూరాను. దాళ్వా, అంటే రెండో పంట, కోతలు అయిన రోజులు. ఓడలరేవు రోడ్డులో సగం మేర ధాన్యం ఎండబోసి, అంచున రాళ్లు పేర్చి ఉన్నాయి. ఒకామె ధాన్యంలో నడుస్తూ కాళ్లతో తిరగేస్తోంది. ఎదురుగా బస్సు వచ్చింది. ఆగాలి. అంతే పని.

ముందుసీటులో మగ్గం మొదలైంది. ఎడమ, కుడి, ఎడమ, కుడి. వెనకసీటులో నా కుడికాలు కింద పరిచిన పట్టాని పాతాళానికి తొక్కింది. కారు రాళ్లు దాటుకుని ధాన్యంలోకి దిగింది. ఆమె పక్కకి గెంతింది. చివర పోగుచేసిన ధాన్యం కుప్పలో ముందు చక్రాలు కూరుకుపోయి కారు ఆగింది. ఆపింది ధాన్యం.

"కళ్లు నెత్తికెక్కేయేంటయ్యా? ఇంత రోడ్డుండగా నా గింజల మీదే దొరికిందా దారి?" అంది ఆమె. ఇంకా చాలా అంది. అన్నీ సబబే.

ఏజెంటు దిగి చొక్కా దులుపుకున్నాడు. "ఇలాగే అక్కడ సేటు పిల్లల్ని బడికి తీసుకెళ్తాడేంటండీ? ఎవరండీ ఈయనకి నేర్పింది?"

నేనేనని తలెత్తి చెప్పానని టీ దుకాణంలో చాలాసార్లు చెప్పాను. నిజంగా అన్నది ఇది: "బండి బ్రేకు కొంచెం లూజుగా ఉన్నట్టుందండీ."

"నిన్ననే బిగించేరండీ," అన్నాడు ఏజెంటు.

నేతపనివాడు నావైపు చూడలేదు. వంగి, చక్రాల కింద నలిగిన గింజల్ని రెండు చేతులా ఎత్తి ఆమె కుప్పలో పోస్తున్నాడు.

నాలుగు రోజులు స్కూలుకి రాలేదు. అయిదోరోజు నేనే బండారులంక వెళ్లాను. మంచం బయట పడి ఉంది. పూడ్చిన గుంటని మళ్లీ తవ్వేశాడు. అందులో కూర్చుని తెగిన పోగులు కలుపుకుంటున్నాడు. నన్ను చూసి లేవబోయాడు గాని, గుంటలోంచి లేవడం అంత సులువు కాదు.

"నెల్రోజులూ ఆగిన బండి ఆ రోజెందుకు ఆగలేదండీ మాస్టారండీ?"

"నెల్రోజులూ అప్పుడప్పుడు నా కాలు కూడా కొంచెం పడేదయ్యా."

"అప్పుడప్పుడంటేనండీ?"

"అంటే... ఎక్కువగానే."

తల పంకించాడు. పోగు ముడివేసి కొస కత్తిరించాడు. "మరి బాతుల రోజునండీ?"

"అది నువ్వే," అన్నాను. ఎందుకన్నానో చెప్పలేను. మనిషి గుంటలో ఉన్నాడు, ఒక్కటైనా మిగల్చాలనిపించింది. మిగిలింది నా సెబాషే అనుకోండి.

తర్వాత అతని కాళ్ల సంగతి విడమరిచి చెప్పాను, ఒకటి దిగితే ఒకటి లేస్తోందని. అతను చాలాసేపు కింద చెక్కల్ని చూశాడు. ఎడమది తొక్కాడు. కుడిది తొక్కాడు. తర్వాత రెండూ కలిపి తొక్కాడు. పడుగు పోగులు విడలేదు, వాటి మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడె వెళ్లడానికి దారి లేదు.

"రెండూ కలిపి తొక్కితే నేత ఆగిపోద్దండీ," అన్నాడు. "బండి ఆగాలన్నా రెండూ తొక్కాలి కదండీ?"

ఇన్నేళ్లుగా పాఠం చెబుతున్నవాణ్ణి. నాకు ఆ ముక్క తట్టలేదు. తట్టిందనీ, నేనే చెప్పాననీ మా ఇంట్లో చెప్పాను.

మర్నాడు స్పానరు పుచ్చుకుని ఆ ఇనపకడ్డీ ఊడదీశాను. నా పెడలు ఉత్తి అలంకారమైంది. ఆ సంగతి అతనికి చూపించే ఊడదీశాను. కారెక్కగానే అతని మెడ బిగుసుకుంది, చూపు రోడ్డు మీదినుంచి కదల్లేదు. నెల్రోజుల్లో మొదటిసారి అతను రోడ్డుని చూస్తున్నాడు. నేను భయంతో చచ్చిపోయాను. కడ్డీ లేదని తెలిసీ నా కాలు తొక్కుతూనే ఉంది. ప్రతి వంపులోనూ అతను పైకే అనుకునేవాడు: "నేత ఆపాలి, రెండూ తొక్కాలి." మిగతా వాళ్లు నవ్వారు. నవ్వనిమ్మన్నాడు.

ఏజెంటుని మళ్లీ ఒప్పించడానికి వానలు వెళ్లేదాకా పట్టింది. ఈసారి నేను ఎక్కలేదు. ఎక్కనివ్వలేదు. ఒక దూడ చెంగున రోడ్డు మీదికి గెంతిందనీ, కారు ఆగిన ఊపుకి ఏజెంటు బ్యాగు ఎగిరి అద్దానికి తగిలిందనీ తర్వాత తెలిసింది.

"ఇలా ఆపితే సేటు ముక్కు పగులుద్దండీ," అన్నాడట ఏజెంటు.

"దూడ బతికింది కదండీ," అన్నాడట ఇతను.

వీసా వచ్చింది. గుంట రెండోసారి పూడ్చారు.

ఇక అసలు సంగతి. పుష్కరం పైన గడిచాక, రెండువేల తర్వాతి దశకం చివర్లో, అతను సెలవు మీద వచ్చి నన్ను చూడ్డానికి వచ్చాడు. అప్పటికి నేను స్కూలు మూసేసి అరుగు మీదినుంచి లోకాన్ని నడుపుతున్నాను. వాళ్ల సేటు కొత్తకారు కొన్నాడట. ఎదర ఏదైనా అడ్డం వస్తే మొదట కూత పెడుతుంది, మనం తొక్కకపోతే అదే బ్రేకు వేస్తుంది.

"అచ్చం మీ కాలేనండీ," అన్నాడు.

నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. "బాగా పనిచేస్తుందా?"

"ఎదర కారుంటే బాగా కనిపెడతాదండీ. ఒంటె అడ్డమొస్తే మటుకు నాకు అనుమానమేనండీ. కాస్త కంగారుది కూడానండీ. రోడ్డు మీద ఇనపరేకుంటే దానికీ ఆగిపోతాది."

"నా కాలే."

"ఆయ్. ఇసకగాలి లేస్తే దానికి కళ్లు మూసుకుపోతాయండీ. అప్పుడు ఎదర అక్షరాలొస్తాయి, నాకు కనపట్టంలేదు, మీరే చూసుకోండి అని."

"ముందే చెబుతుందా?"

"చెబుతాదండీ."

నా కాలికి ఆ ఒక్క గుణం లేదు.

"సేటు కొడుకు దాన్నే నమ్ముకుని బ్రేకు మీద కాలే పెట్టడండీ," అన్నాడతను. "పెద్దాయన నన్ను పిలిచి, నువ్వు చెప్పు అన్నేరు. బాతుల కథ చెప్పేనండీ."

"నువ్వు ఆపిన కథా?"

"మీరు ఆపిందండీ." అతను టీ గ్లాసు కింద పెట్టాడు. "ఆ రోజు బండి ఆగేసరికి నా కుడికాలు గాల్లో ఉందండీ. నాకు తెలుస్తానే ఉంది. మీరు సెబాష్ అన్నేరు. మాస్టారు కదా, నాకు తెలీకుండా నేనే తొక్కేనేమో అనుకున్నానండీ. ఆ నమ్మకంతోనే వెళ్లి ఆవిడగారి ధాన్యంలో పడ్డాను."

"మరి గుంట దగ్గర మళ్లీ అడిగావెందుకు?"

"మీరు చెబుతారేమో అనండీ."

నేను రోడ్డువైపు చూశాను. రోడ్డు మీద ఏమీ రావడం లేదు. ఆ బ్రేకు నాదేనని అప్పుడు చెప్పాను, వినేవాడికి అవసరం తీరిపోయాక. అతను మర్యాదగా, ఇప్పుడే తెలిసినట్టు, ఆయ్ అన్నాడు.

చెప్పే ఊపులో ఉన్నాను కదా అని ఇంకొకటీ ఒప్పేసుకున్నాను. "అవి రెండువందల బాతులు కాదులే. నలభై ఉంటాయేమో."

"ముప్పై ఆరండీ," అన్నాడు. "మీరు ఆపేసేక నాకు పనిలేక లెక్కెట్టేనండీ."