మావ గెంతుకి సరిపడా సామాను

మా మావ పోయాడు. పోయిన నెల్లో ఒక పొద్దున్న అత్త ఫోన్ చేసి, "ఒరే, మీ మావ నిద్దట్లోనే ఎలిపోనాడ్రా" అంది. చీపురుపల్లిలో నా జిరాక్సు షాపు షట్టరు అప్పటికి సగమే ఎత్తాను. మళ్ళీ దించేసి గరివిడి బయలుదేరాను.

మావంటే మా అమ్మ తమ్ముడు. గరివిడిలో మోటారుసైకిళ్ళకీ ఆటోలకీ సీటు కవర్లు కుట్టేవాడు. అది పని. ఇష్టం మాత్రం తప్పెటగుళ్ళు. గుండ్రటి రేకు తప్పెటని గుండె మీద కట్టుకుని, కాళ్ళకి గజ్జెలతో, పాడుతూ వాయిస్తూ గెంతే ఆ ఆట గురించి మా వైపు వాళ్ళకి చెప్పనక్కర్లేదు. చూడనివాళ్ళకి ఎంత చెప్పినా చాలదు. జట్టులో అందరికన్నా పెద్దవాడు మావ. అందరికన్నా ఎత్తు గెంతేదీ ఆయనే.

నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాను. రాసేది కూడా రోజువారీ జమాఖర్చే. ఆయన గురించి ఇంతమందికి చెప్పాలనిపించడం నాకే కొత్తగా ఉంది. బాధ లేదనను. కానీ ఆయన్ని తలుచుకోగానే ముందు నవ్వొస్తుంది, ఆ వెనకే కాళ్ళలో ఏదో తొందర పుడుతుంది. ఆయన్ని ఎరిగినవాళ్ళెవరూ దీన్ని తప్పు పట్టరు.

పాస్‌పోర్టు ఫోటోలు తీసే చిన్న కెమెరాతో చాలా ఏళ్ళు నెట్టుకొచ్చాక, రెండేళ్ళ కిందట సెకండ్ హ్యాండులో ఒక డీఎస్‌ఎల్‌ఆర్ కొన్నాను. నేర్పినవాళ్ళు లేరు. ఫోన్లో వీడియోలు చూసి, గోడ మీది బల్లి నుంచి స్టేషన్లో గూడ్సు బండి దాకా తీసి తీసి నేర్చుకున్నాను. కెమెరా సంగతి తెలిసిన మర్నాడే మావ షాపుకొచ్చాడు. కుడి మోకాలు చేత్తో పట్టుకుని మెల్లగా వంచి కూర్చున్నాడు.

"డాక్టరు ఇంక గెంతొద్దన్నాడ్రా అల్లుడా. మోకాల్లో గుజ్జు అరిగిపోనాదట."

"మానేస్తావా మావా?"

"ఈపాలి అమ్మోరి సంబరానికి ఆడతాను. ఆపైన కూకోని వాయిస్తాను. ఇన్నేళ్ళు ఆడినాను, నాను గాల్లో ఉన్న ఫోటో ఒక్కటి నేదు. తీసినోడల్లా వరసలో నిలబెట్టి రేసన్ కార్డుకి తీసినట్టు తీసినాడు. నువ్వు తియ్యాల. నేల మీద కాలుంటే మాత్రం నానొప్పుకోను."

సంబరం దగ్గర్లోనే ఉంది. ఆ తర్వాత ఇక ఆయన గెంతడు. ఉన్నది ఆ ఒక్క రోజే.

కెమెరా ఒక్కటీ కొంటే సరిపోదని అప్పటికే తెలిసింది. ట్రైపాడ్, ఫ్లాష్, ఫిల్టర్లు, బ్యాగు, మెమరీ కార్డు, ఇంకో బ్యాటరీ, ఇంకో లెన్స్. వీడియోల్లో ఒక్కొక్కడూ ఒక్కోటి లేకపోతే బతుకే లేదన్నట్టు చెప్పేవాడు. నా దగ్గరున్న డబ్బుతో వాటిలో రెండో మూడో వస్తాయి. ఏవి? మావనే అడిగాను.

"సీటు కొనీటప్పుడు ఏటి సేస్తాం? మీద కూకోని సూస్తాం. ఇదీ అంతే. విజినారం పద" అన్నాడు.

విజయనగరంలో కెమెరాల కొట్టతను మేము అడిగీ అడగకముందే ఒక పెద్ద డబ్బా బల్ల మీద పెట్టాడు. ట్రైపాడు, బ్యాగు, ఫిల్టర్లు, తుడుచుకునే బ్రష్షు, అన్నీ అందులోనే.

"కొత్తగా కెమెరా కొన్నోలందరూ ఇదే తీసుకెళ్తన్నారు బాబాయ్. చవక."

మావ ట్రైపాడు కాలు రెండు వేళ్ళతో పట్టుకుని ఊపాడు. అది గజగజలాడింది. "దీనికీ నాకు మల్లే మోకాలు నొప్పి ఉన్నాది బావూ. దీన్ని నిలబెట్టడానికి ఇంకో మడిసి కావాల." బ్యాగు తిరగేసి కుట్టు చూశాడు. "ఇది నాను కుడతాను." ఎర్ర ఫిల్టరు కంటికి పెట్టుకుని నా వైపు తిరిగాడు. "ఒరే, నువ్వు సిగ్గుపడినట్టు కనబడతన్నావు. వద్దు, తీసీ."

చివరికి కొట్టతను ఫ్లాష్ బయటికి తీశాడు. "ఇది ఎలిగిందంటే మడిసి గాల్లో ఆగిపోతాడు బాబాయ్. తక్కువ రేటుది, కానీ పని సేస్తాది."

మావ చెప్పులు విడిచాడు. "అల్లుడా, కెమెరాకి ఎక్కించు. గెంతుతాను."

"బాబాయ్, పైన ఫ్యానున్నాది! పక్కన అద్దాలు!"

"నీ ఫ్యానుకి నానేటీ సెయ్యను."

గెంతాడు. ఫ్లాష్ వెలిగింది. తెర మీద చూస్తే, నిజంగానే మావ గాల్లో ఉన్నాడు! ముగ్గురం ఒకేసారి అరిచాం. "ఇంకోటి" అని వెంటనే మళ్ళీ గెంతాడు. నేను నొక్కాను. ఫ్లాష్ వెలగలేదు. ఫోటో అంతా చీకటి.

"సార్జి ఎక్కాల బాబాయ్. కాసింత ఆగాల" అన్నాడు కొట్టతను.

"నానాగుతాను. తప్పెట ఆగుతాదా?" అని మావ ఫ్లాష్‌ని దాని డబ్బాలో ఆయనే పెట్టేశాడు.

తర్వాత వరసగా ఫోటోలు కొట్టి చూశాం. నా పాత కార్డుతో నాలుగైదు పడగానే కెమెరా ఎర్రదీపం వెలిగించి మొరాయించింది. కొట్టతను వేగంగా రాసుకునే కార్డు ఒకటి వేశాడు. చిన్నది, తపాలా బిళ్ళంత. దాంతో నొక్కి పట్టుకుంటే ఆగకుండా టకటకా పడుతూనే ఉన్నాయి.

"ఇదిరా! ఇది మన జట్టోడు!" అని మావ కార్డుని చూపిస్తూ కొట్టంతా వినబడేలా అన్నాడు.

కార్డు ఖాయమైంది. పాత బ్యాటరీ తొందరగా దిగుతోందని ఇంకో బ్యాటరీ తీసుకున్నాం. మిగిలిన దానికి వాడిన లెన్సొకటి దొరికింది. వెనకంతా మసగ్గా, మనిషి ఒక్కడే స్పష్టంగా వస్తాడు దాంతో. అవసరమో కాదో తెలీదు, నాకు చేతిలోంచి వదలబుద్ధి కాలేదు. మావ కనిపెట్టాడు.

"కొనీరా. మనసు పడని సామాను మూలనుంటాది. మనసు పడింది ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తాది."

బ్యాగు ఆయనే కుట్టాడు, ఆటో సీటుకి మిగిలిన నల్ల రెగ్జిన్‌తో, లోపల మందపాటి స్పాంజీతో. ఇస్తూ, "వాన దిగదు. కుర్సీ నేకపోతే దీనిమీద కూకో" అన్నాడు. ఇప్పటికీ అదే నా బ్యాగు.

సంబరం రోజు ఎండ వాలుతుండగా ఆట మొదలైంది. చుట్టూ జనం. కొత్త లెన్స్ పెట్టుకుని బయట నిలబడ్డాను. పడ్డవన్నీ తలకాయలు, ఎత్తిన ఫోన్లు, ఒక బుడగల కర్ర. నీళ్ళు తాగడానికి జట్టు ఆగినప్పుడు మావ చూశాడు.

"బయట నిలబడితే బయటోడి ఫోటోయే వస్తాది. లోపలికి రా."

"నాకు ఆడ్డం రాదు మావా."

"నిన్నాడమన్నదెవుడు? అడ్డం రాకుండా తిరుగు."

మెడలో పట్టీతో కెమెరా ఎగిరి మూతికి కొట్టుకుంటుందని, తప్పెటకి కట్టే తాడు తెచ్చి మెడ చుట్టూ ఒకసారి, వీపు మీదుగా ఒకసారి నాకు కట్టాడు. "గుండె మీద కట్టింది గుండెతో పాటే ఎగరాల, దిగాల" అంటూ ముడి బిగించాడు. ఎత్తి కంటికి పెట్టుకునేంత వదులు మాత్రం ఉంచాడు. జట్టులో ఒకడు, "కొత్త వాయిద్యం వచ్చిందిరోయ్!" అని కేకేశాడు. అందరూ గజ్జెలు ఘల్లుమనిపించారు. సిగ్గుతో చచ్చిపోయాను, అంత బాగుంది.

లోపలికెళ్ళి లెన్స్‌లోంచి చూస్తే మావ ముక్కూ మీసమూ తప్ప ఇంకేం పట్టలేదు. ఆ దగ్గరలో కొత్త లెన్స్ పనికిరాదు. కెమెరాతో వచ్చిన పాత లెన్సే మళ్ళీ పెట్టాను. అందులో మనిషి మొత్తం కనబడ్డాడు, పాదాలతో సహా. "కొన్నదాన్ని జేబులో ఎట్టు, అలిగితే రేపు బతిమాలుదువు" అని నవ్వాడు మావ. తర్వాత దగ్గరికొచ్చి, నవ్వు మానేసి చెప్పాడు. "నాను వంగినప్పుడే నొక్కు. ఎగిరింది సూసి నొక్కితే, దిగిపోయుంటాను."

తప్పెటలు మోగాయి. ఆ వలయంలో నిలబడితే చప్పుడు చెవిలోకి రాదు, పక్కటెముకల్లోంచి వస్తుంది. వాళ్ళు తిరిగితే నేనూ తిరిగాను, వాళ్ళు వెనక్కి వేస్తే నేనూ వేశాను. మావ ఒక్కసారిగా కిందికి వంగాడు. నొక్కి పట్టుకున్నాను. టకటకటకా. మళ్ళీ వంగాడు, మళ్ళీ నొక్కాను. ఎన్నిసార్లో తెలీదు. చివరికి ఆయన దిగి, కుడికాలు నేలకి ఆన్చకుండా నా భుజం పట్టుకుని నిలబడ్డాడు. ఒళ్ళంతా చెమట. ఆట అయిపోయింది.

"సూపించు."

తెర మీద ఒక్కోటీ జరిపాను. వంగినవి, లేస్తున్నవి. మునివేళ్ళు నేలని వదలనివి. దిగిపోయినవి. ఒక్కోదానికీ ఆయన తల అడ్డంగా ఊపాడు. ఇంకోటి జరిపాను.

"ఆగు."

ముఖం చూసుకోలేదు ఆయన. వేలితో మడమల కింద గీత గీసినట్టు చూపించాడు. రెండు కాళ్ళూ మడుచుకుని ఉన్నాయి. కింద ఎర్రదుమ్ము లేస్తోంది. దుమ్ము కింద ఆయన నీడ. నీడకీ మనిషికీ మధ్య, మోకాలెత్తు ఎడం.

"ఒరే, రండర్రా! సూడండి! నానే!" అని జట్టునంతా పిలిచాడు. ఒంటికాలి మీదే.

ఆ తర్వాత మాటిచ్చినట్టే కూర్చుని వాయించాడు.

పెద్దకర్మకి అత్త ఆ ఫోటోయే పెట్టమంది. పెద్దది చేయించి ఫ్రేము కట్టించి తీసుకెళ్ళాను. ఎవరో నిండు బంతిపూల దండ తెచ్చి వేశారు. అది కిందిదాకా జారి, దుమ్మునీ నీడనీ పాదాలనీ కప్పేసింది. అత్త అది చూసింది. లేచి వెళ్ళి, దండని రెండు పక్కలా పైకి లాగి, మేకుకి ముడేసి పొట్టి చేసింది.

"అలగుంటే నిలబడ్డాడనుకుంటారు" అంది.

పూలన్నీ ఆయన తప్పెట దాకా వచ్చి ఆగాయి. కింద, మడమలకీ నీడకీ నడుమ, ఆ కాస్త జాగా ఖాళీగా ఉంది.